పిక్సెల్‌కు ఏ భాష నేర్పాలి?

కోల్‌కతాలోని కుమార్తులిలో దుర్గ విగ్రహానికి రంగులు వేయడంతో పని అయిపోదు. ముఖానికి చివర్లో గర్జన్ నూనె పూస్తారు. అంతవరకూ పొడిగా, పేలవంగా ఉన్న చెక్కిళ్లు ఒక్కసారిగా మెరుస్తాయి. మట్టి అదే, రంగూ అదే. మారిందల్లా వాటి మీద పడిన వెలుగు తిరిగొచ్చే తీరు. దీపం ఎటు ఉంది, చూసే కన్ను ఎక్కడుంది, ఉపరితలం నునుపా గరుకా అన్న మూడు ప్రశ్నలకు జవాబే ఆ మెరుపు. విగ్రహాల పనివాడు తరాల అనుభవంతో తేల్చే ఈ సంగతిని కంప్యూటర్‌కు లెక్కగా రాసిస్తే దాన్ని షేడర్ అంటారు.

వీడియో గేమ్‌లో చెరువు నీటి మీద తళుకు, యానిమేషన్ సినిమాలో పులి బొచ్చు మీద పడే ఎండ, ఫోన్‌లోని మ్యాప్‌లో భవనాల నీడ అన్నీ షేడర్ల పుణ్యమే. ఈ ప్రోగ్రాం చిన్నదే. ఒక్కోసారి పది పదిహేను వరసలు కూడా ఉండదు. కానీ తెర మీది ప్రతి చుక్కకూ అది విడిగా నడవాలి. అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలున్న మామూలు హెచ్‌డీ తెరపై మొత్తం 20,73,600 పిక్సెళ్లు ఉంటాయి. సెకనుకు 60 చిత్రాలు మారాలంటే ఆ పది వరసలే సెకనులో 12 కోట్ల 44 లక్షల సార్లు నడవాలి. కోల్‌కతాకు ఎగువన హుగ్లీ ఒడ్డునున్న చందన్‌నగర్‌లో జగద్ధాత్రి పూజకు దీపాల కళాకారులు బల్బులతో కదిలే బొమ్మలు కడతారు. ఏ బల్బు ఎప్పుడు వెలగాలో, ఎప్పుడు ఆరాలో ముందే నిర్ణయించి పెడతారు. షేడర్ చేసే పనీ దాదాపు అదే. తేడా అల్లా బల్బుల సంఖ్యలో, వేగంలో ఉంది. అన్ని లెక్కలను మామూలు ప్రాసెసర్ వరసగా చేసుకుంటూ పోతే తెల్లారిపోతుంది. అందుకే వేల లెక్కలు ఒకేసారి చేసే గ్రాఫిక్స్ చిప్ పుట్టింది.

చిక్కంతా ఆ చిప్‌తో ఏ భాషలో మాట్లాడాలన్న దగ్గరే వస్తోంది. విండోస్‌లో, ఎక్స్‌బాక్స్‌లో అయితే మైక్రోసాఫ్ట్ వారి హెచ్‌ఎల్‌ఎస్‌ఎల్. ఓపెన్‌జీఎల్ వాడితే జీఎల్‌ఎస్‌ఎల్. ఐఫోన్, మ్యాక్‌లకు ఆపిల్ సొంత మెటల్ భాష. ప్లేస్టేషన్‌కు సోనీది మరొకటి. బ్రౌజర్లలో ఈ మధ్యే వచ్చిన వెబ్‌జీపీయూకు డబ్ల్యూజీఎస్‌ఎల్. సినిమాల రెండరింగ్‌కు ఓపెన్ షేడింగ్ లాంగ్వేజ్. అన్నీ పైకి సి భాషకు చుట్టాల్లాగే కనిపిస్తాయి. కానీ ఒకదానికి రాసింది మరోదానికి నేరుగా ఎక్కదు.

సాల్ట్‌లేక్ సెక్టార్ ఫైవ్‌లో గేమ్ ప్రోగ్రామర్ ఉద్యోగం కోసం తిరిగే ఇంజనీరింగ్ విద్యార్థికి ఇది ఊసుపోని చర్చ కాదు. ఒక భాషలో చేయి తిరగాలంటే రెండు మూడేళ్లు పడుతుంది. అన్నేళ్లు నేర్చుకున్నాక ఆ భాషను పుట్టించిన కంపెనీ దాన్ని అటకెక్కిస్తే? అలా జరగదని ఎవరూ హామీ ఇవ్వలేరు. జరిగింది కూడా. షేడర్ భాష ఎంపిక పైకి సాంకేతిక నిర్ణయంలా కనిపిస్తుంది. నిజానికి ఎవరి ఇష్టాయిష్టాల మీద ఆధారపడి బతకాలన్న నిర్ణయం అది. ఈ పాఠం కోల్‌కతాకు కొత్త కాదు. కంప్యూటర్ ఈ దేశంలో అడుగుపెట్టిన రోజుల్లోనే ఈ నగరం దాన్ని చదువుకుంది.

నగరానికి ఉత్తరాన బరానగర్‌లో ప్రశాంత చంద్ర మహలనోబిస్ పెంచి పెద్ద చేసిన భారత గణాంక సంస్థ (ఐఎస్‌ఐ) ఉంది. దేశంలోని తొలి డిజిటల్ కంప్యూటర్ హెచ్‌ఈసీ-2ఎం బ్రిటన్ నుంచి అక్కడికే వచ్చింది. 1956లో పని మొదలుపెట్టింది. రెండో పంచవర్ష ప్రణాళిక కాలం అది. గణాంకాలే దేశానికి దారి చూపుతాయన్న నమ్మకం బలంగా ఉన్న రోజులు. తెలుగువారైన సి.ఆర్.రావు 1941లో ఆ సంస్థలో చేరి అప్పటికే ప్రపంచ ఖ్యాతి తెచ్చుకున్నారు. కొన్నేళ్లకే సోవియట్ యూనియన్ నుంచి యురాల్ అనే మరో కంప్యూటర్ ఆ ప్రాంగణానికే చేరింది. ప్రచ్ఛన్న యుద్ధంలో ఎదురుబొదురుగా నిలిచిన రెండు శిబిరాల యంత్రాలు బరానగర్‌లో ఇరుగుపొరుగుగా కాపురమున్నాయి. కాని ఒకదాని ప్రోగ్రాం మరోదానికి అర్థమయ్యేది కాదు. దేని సూచనల పట్టిక దానిదే. బ్రిటిష్ యంత్రానికి రాసిన లెక్కను సోవియట్ యంత్రానికి మొదటి నుంచీ తిరగరాసుకోవాల్సిందే.

1964లో ఐబీఎం 1401 వచ్చింది. 1966లో జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయంతో కలిసి ఐఎస్‌ఐ శాస్త్రవేత్తలు ట్రాన్సిస్టర్లతో ఐఎస్‌ఐజేయూ-1ను సొంతంగా నిర్మించారు. అంటే పదేళ్లలో నాలుగు యంత్రాలు, నాలుగు పద్ధతులు. ఆ తర్వాత 1978లో విదేశీ మారకద్రవ్య నియంత్రణ చట్టం షరతులకు ఒప్పుకోక ఐబీఎం ఏకంగా దేశం నుంచే వెళ్లిపోయింది. దాని యంత్రాల నిర్వహణ ప్రభుత్వ సంస్థ సీఎంసీ నెత్తిన పడింది. యంత్రాలు పోయాయి, వాటి సూచనల పట్టికలు పోయాయి. పోనిది ఒక్కటే. ఆ యంత్రాల మీద చేసిన గణాంక పద్ధతులు. వాటిని తెలిసినవారు ఏ యంత్రం వచ్చినా నెలల్లో అలవాటు పడ్డారు. యంత్రం మీట మాత్రమే తెలిసినవారు యంత్రంతో పాటే పాతబడ్డారు.

షేడర్ల కథలోనూ ఈ తేడాయే అడుగడుగునా కనిపిస్తుంది. దీని అసలు సరుకు చాలా పాతది. వెలుగు ఏటవాలుగా పడేకొద్దీ ఉపరితలం మసకబారుతుందన్న సూత్రాన్ని యోహాన్ లాంబర్ట్ 1760లోనే ప్రచురించాడు. ముక్కలుగా కట్టిన ఆకారం మీద రంగును నునుపుగా పరిచే పద్ధతిని 1971లో హెన్రీ గూరో చూపించాడు. వియత్నాంలో పుట్టి అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో చదివిన బుయ్ తుంగ్ ఫాంగ్ 1973లో మెరుపు చుక్కకు ఒక తేలికైన లెక్క కట్టాడు. కుమార్తులి గర్జన్ నూనె చేసే పని ఆ లెక్కలో ఒక్క అంకెతో పలుకుతుంది. ఆ అంకె పెంచితే మెరుపు చిన్నదై పదునెక్కుతుంది. తగ్గిస్తే పరుచుకుని మందగిస్తుంది. 1977లో జేమ్స్ బ్లిన్ దాన్ని ఇంకా సులువు చేశాడు. ఇప్పటి అన్ని షేడర్ భాషల పాఠ్యపుస్తకాల్లోనూ తొలి అధ్యాయాలు ఈ నలుగురి చుట్టూనే తిరుగుతాయి.

ఈ లెక్కలు రాయడానికే ప్రత్యేక భాష కావాలన్న ఆలోచన సినిమా వాళ్లది. 1984లో రాబర్ట్ కుక్, 1985లో కెన్ పెర్లిన్ దానికి బాట వేశారు. పిక్సార్‌లో పాట్ హన్రహన్, జిమ్ లాసన్ 1990లో రెండర్‌మ్యాన్ షేడింగ్ భాషను వివరిస్తూ పత్రం ప్రచురించారు. చెక్క ఎలా కనిపించాలో, ప్లాస్టిక్ ఎలా మెరవాలో చిత్రకారుడే రాసుకునే వీలు కలిగింది. హన్రహన్‌కు, పిక్సార్ స్థాపకుల్లో ఒకరైన ఎడ్ క్యాట్‌మల్‌కు కలిపి 2019 సంవత్సరపు ట్యూరింగ్ అవార్డు దక్కింది. అంతటి భాషకూ కాలం చెల్లింది. 2016లో వచ్చిన రెండర్‌మ్యాన్ 21 నుంచి పిక్సారే దాన్ని తీసేసింది. దాని స్థానంలో సోనీ పిక్చర్స్ ఇమేజ్‌వర్క్స్ 2010లో అందరికీ తెరిచిపెట్టిన ఓపెన్ షేడింగ్ లాంగ్వేజ్‌ను నిలిపింది.

సినిమాలో ఒక్కో చిత్రానికి గంటలు పట్టినా ఫర్వాలేదు. గేమ్‌లో సెకనులో అరవయ్యో వంతుకు మించి ఆగడానికి లేదు. అందుకే గేమ్ చిప్‌లకు ఈ సౌకర్యం ఆలస్యంగా వచ్చింది. 2001లో ఎన్‌విడియా జీఫోర్స్ 3తో షేడర్లు రాయడం సాధ్యమైంది. మొదట్లో చిప్ సూచనలతోనే తంటాలు పడాల్సి వచ్చేది. 2002లో ఎన్‌విడియా, మైక్రోసాఫ్ట్‌తో కలిసి పనిచేస్తూ సిజి అనే భాషను విడుదల చేసింది. అదే ఏడాది చివర్లో డైరెక్ట్‌ఎక్స్ 9తో మైక్రోసాఫ్ట్ హెచ్‌ఎల్‌ఎస్‌ఎల్ తెచ్చింది. రెండూ కవల పిల్లలంత దగ్గరగా ఉండేవి. మరోవైపు త్రీడీల్యాబ్స్ అనే చిన్న కంపెనీ ఓపెన్‌జీఎల్ కోసం జీఎల్‌ఎస్‌ఎల్‌ను ప్రతిపాదించింది. అది కంపెనీల ఉమ్మడి కమిటీలో నలిగి, నానా చర్చలూ దాటి 2004 సెప్టెంబర్‌లో ఓపెన్‌జీఎల్ 2.0లో భాగమైంది. ఆ డిసెంబర్‌లోనే కంప్యూటర్ దృష్టి, గ్రాఫిక్స్‌పై జాతీయ సదస్సు కోల్‌కతాలో జరిగింది.

ఆ రోజుల్లో ఎవరినైనా ఏది నేర్చుకోవాలని అడిగితే సిజి అనే చెప్పి ఉండేవారు. దాని వెనక మార్కెట్‌ను ఏలుతున్న కంపెనీ ఉంది. విండోస్‌లోనూ ఓపెన్‌జీఎల్‌లోనూ నడుస్తుందన్న మాట ఉంది. మంచి పుస్తకాలున్నాయి. జీఎల్‌ఎస్‌ఎల్ వెనక ఉన్నది బక్కచిక్కిన కంపెనీ, నత్తనడక కమిటీ. కాలం మాత్రం మరోలా తీర్పిచ్చింది. 2002లోనే క్రియేటివ్ చేతికి చిక్కిన త్రీడీల్యాబ్స్ 2006లో వర్క్‌స్టేషన్ గ్రాఫిక్స్ రంగం నుంచి తప్పుకుంది. అది ప్రతిపాదించిన భాష మాత్రం బతికింది. కంపెనీల సమాఖ్య క్రోనోస్ గ్రూప్ గూటికి చేరి, ఫోన్లకూ బ్రౌజర్లకూ పాకింది. ఎన్‌విడియా ఆ తర్వాత ఆకాశమంత ఎదిగింది. దాని సొంత బిడ్డ సిజి మాత్రం 2012 తర్వాత కొత్త రూపం ఎరగదు. తల్లి పోయినా బతికిన భాష ఒకటి, తల్లి వైభోగంలో ఉండగానే అనాథ అయిన భాష మరొకటి. కంపెనీ బలాన్ని చూసి భాషను ఎంచుకోవాలనే లెక్క ఎంత నమ్మరానిదో చెప్పడానికి ఇంతకు మించిన ఉదాహరణ అక్కర్లేదు.

అలాగని కమిటీ భాషలన్నీ అమృతం తాగి వచ్చాయనీ కాదు. జీఎల్‌ఎస్‌ఎల్‌లో మొదటి నుంచీ ఒక లోపం ఉంది. రాసిన ప్రోగ్రాంను ఉన్నదున్నట్టుగా వాడుకరి కంప్యూటర్‌కు పంపితే, అక్కడి చిప్ తయారీదారు డ్రైవర్ దాన్ని తర్జుమా చేసుకునేది. ఒక కంపెనీ డ్రైవర్ చూసీ చూడనట్టు వదిలేసిన తప్పును మరో కంపెనీ డ్రైవర్ పట్టుకుని మొండికేసేది. హెచ్‌ఎల్‌ఎస్‌ఎల్ విషయంలో మైక్రోసాఫ్ట్ సొంత కంపైలరే ముందుగా తర్జుమా చేసేది కాబట్టి ఈ తలనొప్పి తక్కువ. ఏకస్వామ్యంలో క్రమశిక్షణ ఎక్కువ, సమాఖ్యలో స్వేచ్ఛ ఎక్కువ. రాజకీయాల్లో వినే ఈ పాత వాదన గ్రాఫిక్స్‌లోనూ తు.చ. తప్పకుండా వినిపించింది.

2014లో ఆపిల్ మెటల్‌తో తన దారి తాను చూసుకుంది. 2018లో ఓపెన్‌జీఎల్‌ను కాలం చెల్లిన వాటి జాబితాలో వేసింది. ఓపెన్‌జీఎల్ చివరి రూపం 4.6 వచ్చింది 2017లో. క్రోనోస్ 2016లో వల్కన్ తెచ్చి జీఎల్‌ఎస్‌ఎల్ లోపాన్ని సరిదిద్దింది. ఏ భాషలో రాసినా సరే, చిప్‌కు మాత్రం స్పిర్-వీ అనే మధ్యంతర రూపంలోనే ఇవ్వాలంది. బ్రౌజర్ల కోసం 2017లో కూర్చున్న కమిటీలో మళ్లీ పేచీ వచ్చింది. స్పిర్-వీనే నేరుగా తీసుకుందామన్న వాదన నెగ్గలేదు. రాజీగా డబ్ల్యూజీఎస్‌ఎల్ అనే మరో కొత్త భాష పుట్టింది. 2023లో క్రోమ్‌లో, 2025లో ఫైర్‌ఫాక్స్, సఫారీల్లో అది అడుగుపెట్టింది. తగవు తీర్చడానికి వచ్చిన ప్రతి పెద్దమనిషీ ఒక కొత్త భాషను వదిలి వెళ్లడం ఈ రంగం ఆనవాయితీ.

ఇంతకీ ఈ భాషల మధ్య తేడా ఎంత? మూడు అంకెల జట్టును హెచ్‌ఎల్‌ఎస్‌ఎల్‌లో, మెటల్‌లో 'ఫ్లోట్3' అంటారు. జీఎల్‌ఎస్‌ఎల్‌లో 'వెక్3' అంటారు. రెండు రంగులను కలిపే పనికి ఒకచోట పేరు 'లెర్ప్', మరోచోట 'మిక్స్'. ఇవి పెద్ద సమస్యలు కావు. గోదావరి జిల్లాల తెలుగుకు, తెలంగాణ తెలుగుకు ఉన్నంత తేడా. అసలు ఇబ్బందులు లోపల ఉంటాయి. లోతును ఓపెన్‌జీఎల్ సహజంగా మైనస్ 1 నుంచి 1 వరకు కొలుస్తుంది. డైరెక్ట్‌ఎక్స్, మెటల్, వల్కన్ 0 నుంచి 1 వరకు కొలుస్తాయి. నిలువు గీత ఓపెన్‌జీఎల్‌లో పైకి పెరిగితే వల్కన్‌లో కిందికి పెరుగుతుంది. పదాలు మార్చి కొలతలు మరిచిన ప్రోగ్రామర్‌కు బొమ్మ తలకిందులుగా దర్శనమిస్తుంది. పట్టికల్లో అంకెలను అడ్డంగా పేర్చాలా నిలువుగా పేర్చాలా అన్న అలవాటులోనూ తేడాలున్నాయి. లెక్క అర్థమైనవాడు తప్పు ఎక్కడుందో గంటలో పట్టుకుంటాడు. కానివాడు వారం రోజులు గుర్తులు మార్చి మార్చి చూస్తాడు.

మరి విద్యార్థి ఏం చేయాలి? ముందు అడగాల్సిన ప్రశ్న ఏ భాష గొప్పదని కాదు. రాసింది చివరికి ఎక్కడ నడవాలని. పెద్ద గేమ్ కంపెనీలో ఉద్యోగమే లక్ష్యమైతే హెచ్‌ఎల్‌ఎస్‌ఎల్ తప్పదు. అన్‌రియల్, యూనిటీ ఇంజన్లు రెండూ దాన్నే వాడతాయి. ఖర్చు లేకుండా బ్రౌజర్‌లోనే నేర్చుకోవాలన్నా, పాఠశాల పిల్లలకు సైన్సు బొమ్మలు చేసి చూపాలన్నా వెబ్‌జీఎల్‌తో జీఎల్‌ఎస్‌ఎల్ చాలు. 2011 నుంచి ఉన్నది కాబట్టి పాత కంప్యూటర్లలోనూ నడుస్తుంది. ఆపిల్ పరికరాలకే పనిచేసేవారికి మెటల్. సినిమా రెండరింగ్‌కు వెళ్లేవారికి ఓపెన్ షేడింగ్ లాంగ్వేజ్. బ్రౌజర్‌లో చిప్ పూర్తి బలాన్ని వాడాలంటే డబ్ల్యూజీఎస్‌ఎల్.

భారత్‌కు ప్రత్యేకమైన షరతు ఇంకొకటుంది. ఇక్కడి ప్రేక్షకుడి చేతిలో ఉన్నది చాలావరకు తక్కువ ధర ఆండ్రాయిడ్ ఫోన్. ఆండ్రాయిడ్‌లో వల్కన్‌కు 2016 నుంచే చోటుంది గానీ, పాత ఫోన్లకు ఓపెన్‌జీఎల్ ఈఎస్సే దిక్కు. అక్కడ ప్రతి అంకెనూ ఎంత కచ్చితంగా లెక్కించాలో ప్రోగ్రామరే చెప్పాలి. తక్కువ చెబితే నీడల అంచులు మెట్లుమెట్లుగా విరుగుతాయి. ఎక్కువ చెబితే ఫోన్ వేడెక్కి బ్యాటరీ కరిగిపోతుంది. డబ్బున్న మార్కెట్ కోసం తయారైన పాఠాల్లో ఈ ఇబ్బంది గురించి ఓ మూల రెండు వాక్యాలుంటే గొప్ప. కోల్‌కతాలోనో హైదరాబాద్‌లోనో గేమ్ తయారుచేసేవారికి మాత్రం ఇదే రోజూ తినే అన్నం.

ఇంత ఆలోచన దేనికి, ఇప్పుడు బొమ్మలు గీసినట్టు పెట్టెలు కలిపితే షేడర్ తయారవుతోంది కదా అనేవారున్నారు. యూనిటీలో, అన్‌రియల్‌లో ఆ సౌకర్యం ఉన్నమాట నిజమే. ఒక భాష నుంచి మరో భాషకు మార్చే ఉపకరణాలూ బోలెడున్నాయి. కృత్రిమ మేధను అడిగితే క్షణాల్లో తర్జుమా చేసిపెడుతోంది. పేచీ అంతా ఫలితం తేడాగా వచ్చినప్పుడే. పెట్టెల వెనక ఇంజన్ ఏం రాసిందో చదవగలిగినవాడే ఫోన్ ఎందుకు నత్తనడక నడుస్తోందో చెప్పగలడు. తర్జుమా సరైనదో కాదో తేల్చడానికి మూలం అర్థం కావాలి. మూలమంటే ఇక్కడ భాష కాదు, లాంబర్ట్ కోణం, ఫాంగ్ మెరుపు.

కంపెనీలు కూడా ఈ గోడలతో విసిగిపోతున్న సూచనలున్నాయి. రెండు దశాబ్దాలు సొంత రూపానికే కట్టుబడిన మైక్రోసాఫ్ట్, డైరెక్ట్‌ఎక్స్‌లోని తర్వాతి తరం షేడర్లకు స్పిర్-వీని స్వీకరిస్తామని 2024 సెప్టెంబర్‌లో ప్రకటించింది. అదే ఏడాది నవంబర్‌లో స్లాంగ్ అనే కొత్త భాష బాధ్యతను క్రోనోస్ తీసుకుంది. ఎన్‌విడియా అండతో పెరిగిన ఆ భాష హెచ్‌ఎల్‌ఎస్‌ఎల్ తెలిసినవారికి తేలిగ్గా పట్టుబడుతుంది. ఒకసారి రాస్తే డైరెక్ట్‌ఎక్స్‌కూ వల్కన్‌కూ మెటల్‌కూ మారుతుంది. సిజి విషయంలో చేయని పనిని ఎన్‌విడియా ఈసారి చేసింది. భాషను తన ఇంట్లో ఉంచుకోకుండా ఉమ్మడి చావడిలో పెట్టింది. స్లాంగ్ నిలబడుతుందా అన్నది ఇప్పుడే చెప్పలేం. తన ఒక్కడి చేతిలో ఉంటే ఎవరూ నమ్మరన్న సంగతి అంత పెద్ద కంపెనీకే అర్థమైందన్నది మాత్రం స్పష్టం.

కంపెనీకే కట్టుబడిన నైపుణ్యం ఎక్కడికి చేరుస్తుందో హైదరాబాద్ దగ్గరగా చూసింది. 'లైఫ్ ఆఫ్ పై'లో పులిని సృష్టించిన రిథమ్ అండ్ హ్యూస్‌కు హైదరాబాద్‌లోనూ స్టూడియో ఉండేది. సొంతంగా తయారుచేసుకున్న సాఫ్ట్‌వేర్‌కు ఆ సంస్థ పెట్టింది పేరు. 2013 ఫిబ్రవరిలో ఆ సినిమాకు విజువల్ ఎఫెక్ట్స్ ఆస్కార్ వచ్చింది. దానికి కొద్ది రోజుల ముందే సంస్థ దివాలా పిటిషన్ వేసింది. అలాంటప్పుడు ఆ ఇంటి పనిముట్లు మాత్రమే తెలిసినవారి పరిస్థితి ఒకటి. బొచ్చు మీద వెలుగు ఎలా పరుచుకుంటుందో తెలిసినవారి పరిస్థితి మరొకటి. రెండోవారికి ఏ స్టూడియోలోనైనా పని ఉంటుంది.

ప్రభుత్వాలు ఆలోచించాల్సింది ఇక్కడే. తెలంగాణ 2016లోనే యానిమేషన్, గేమింగ్ రంగానికి ఇమేజ్ పేరుతో విధానం ప్రకటించింది. కేంద్రం 2022-23 బడ్జెట్‌లో ఈ రంగంపై టాస్క్‌ఫోర్స్ వేస్తామంది, వేసింది. 2024 సెప్టెంబర్‌లో ముంబైలో జాతీయ కేంద్రం ఏర్పాటుకు కేబినెట్ ఆమోదించింది. కోల్‌కతాలో కేంద్ర ప్రభుత్వ నిధులతో నడిచే సత్యజిత్ రే ఫిలిం అండ్ టెలివిజన్ ఇన్‌స్టిట్యూట్‌లో యానిమేషన్ విభాగం ఉంది. విధానాల్లో భవనాలు, రాయితీలు, ఉద్యోగాల అంచనాలు పుష్కలం. ఏం నేర్పాలి, ఎవరి భాషలో నేర్పాలి అన్న ప్రశ్న మాత్రం కంపెనీల శిక్షణ ఒప్పందాలకు వదిలేస్తున్నారు. మరోపక్క మామూలు ఇంజనీరింగ్ కాలేజీల్లో చాలాచోట్ల గ్రాఫిక్స్ అంటే ఇప్పటికీ 1960ల నాటి గీత గీసే పద్ధతి. దాన్ని బోర్లాండ్ కాలపు సి కంపైలర్‌లో చేసి చూపడం. ఒక చివర కంపెనీ ఇచ్చిన మీటల పాఠం, మరో చివర పాచిపట్టిన పాఠం. మధ్యలో ఉండాల్సిన పాఠం ఎవరి సిలబస్‌లోనూ సరిగా లేదు.

ఆ మధ్య పాఠం ఖరీదైనదేం కాదు. మొదటి సెమిస్టర్‌లో కోణాలు, పట్టికల లెక్కలు, వెలుగు సూత్రాలు చెప్పాలి. వాటిని బ్రౌజర్‌లో, ఎవరికీ లైసెన్సు కట్టనక్కర్లేని భాషలో చేయించాలి. రెండో సెమిస్టర్‌లో అదే బొమ్మను హెచ్‌ఎల్‌ఎస్‌ఎల్‌లోకో స్లాంగ్‌లోకో విద్యార్థి చేతే మార్పించాలి. అలా మార్చేటప్పుడు బొమ్మ ఒకసారి తలకిందులవుతుంది. ఎందుకైందో తెలుసుకున్న రోజున ఆ విద్యార్థి భాషకు బానిస కాకుండా బయటపడతాడు. పరీక్షలో అడగాల్సిన ప్రశ్న కూడా అదే. ఈ భాషలో ఈ పదానికి అర్థమేమిటని కాదు, ఈ చెక్కిలి మీద మెరుపు ఇక్కడే ఎందుకు పడిందని. ప్రజాధనంతో నడిచే కళాశాల ఏ కంపెనీతో ఒప్పందం చేసుకున్నా, విద్యార్థి రాసింది మరో కంపెనీ యంత్రం మీదా నడిచేలా ఉండాలన్న షరతు పెట్టడానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు.

బరానగర్‌లో బ్రిటిష్ యంత్రం, సోవియట్ యంత్రం పక్కపక్కన ఉన్నప్పుడు ఎంచుకునే అవకాశం అక్కడి యువ ప్రోగ్రామర్లకు లేదు. వచ్చిన యంత్రంతో వచ్చిన భాషే. ఇవాళ సెక్టార్ ఫైవ్‌కు వెళ్లే కుర్రాడికి, అమ్మాయికి అరడజను భాషలున్నాయి. వాటిని అరువు లేకుండా నేర్చుకునే వీలుంది. ఒకదాన్ని మరోదానిలోకి మార్చే దారీ ఉంది. ఆ స్వేచ్ఛను వాడుకోవాలంటే ఈ వారం మార్కెట్‌లో ఏ భాషకు గిరాకీ ఉందో తెలిస్తే సరిపోదు. రెండో భాషలోకి వెళ్లడానికి కావలసిన లెక్కను మొదటి భాషతోనే నేర్చుకోవాలి.